సిటిజన్‌షిప్ లాయరు దగ్గరికి పోయేముందు: ఒక డాక్యుమెంట్ రైటర్ మాట

ముప్పై ఆరేళ్ళు కావలి సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట బల్ల వేసుకుని దస్తావేజులు రాసినవాణ్ణి. క్రయం, తనఖా, దానం, భాగపరిష్కారం, వీలునామా, ఏదడిగినా చూడకుండా రాసేవాణ్ణి. అలాంటి నాకు అమెరికాలో ఒక ఫారం చూస్తే చెమటలు పట్టాయి. దాని పేరు ఎన్-400. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు సిటిజన్‌షిప్ కోసం పెట్టుకునే దరఖాస్తు అదే.

మేం సిటిజన్‌షిప్ ఎందుకు తీసుకున్నామంటే, కావలిలో ఇష్టమొచ్చినన్నాళ్ళు ఉండటానికి. తిక్కగా ఉంది కదా? కానీ గ్రీన్‌కార్డు పిల్లిపిల్లని చంకనేసుకుని తిరిగినట్టుంటుంది. కావలిలో ఆర్నెల్లు దాటితే టెన్షన్, ఏడాది దాటితే కార్డుకే ముప్పు. అదే సిటిజన్ అయిపోయి ఓసిఐ కార్డు (వేరే దేశం పౌరులైన మనవాళ్ళు ఇక్కడ ఎన్నాళ్ళైనా ఉండటానికి మన ప్రభుత్వం ఇచ్చేది) పెట్టుకుంటే, మన ఇంట్లో మనం ఎన్నాళ్ళుంటే ఎవరికి కావాలి?

సంక్రాంతికి ఇక్కడికి వచ్చినప్పుడల్లా సాయంత్రం పూట ఎవరో ఒకరు పాస్‌పోర్టులు క్యారీబ్యాగులో వేసుకుని మా అరుగు మీదికి వస్తున్నారు. అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు, అమ్మాయి ఆస్టిన్‌లో ఉంటుంది, గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్ళు అయిపోయాయి, లాయరు కావాలా అక్కర్లేదా, ఎంత అవుద్ది? అందరికీ విడివిడిగా చెప్పలేక ఇది రాస్తున్నాను. నేను లాయర్ని కాను. ఆ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానో ముందుముందు తెలుస్తుంది.

ముందు నోటుబుక్కు, తర్వాతే లాయరు

లాయరుకి ఫీజు కట్టి కూర్చున్నాక పాస్‌పోర్టు పేజీలు తిప్పుతూ "ఆ సంవత్సరం ఎప్పుడొచ్చామే?" అని భార్యని అడిగితే, ఆ అడిగిన నిమిషాలకి కూడా మీటరు తిరుగుతుంది. కాబట్టి ఇంట్లోనే లెక్క తేల్చుకోవాలి. పాత పాస్‌పోర్టు, కొత్త పాస్‌పోర్టు, విమానం టికెట్ల ఈమెయిళ్ళు ముందేసుకుని ఒక రూళ్ళ నోటుబుక్కులో మూడు గళ్ళు గీయండి. అమెరికా నుంచి బయలుదేరిన తేదీ, అమెరికాలో దిగిన తేదీ, మధ్యలో రోజులు. బయలుదేరిన రోజు, దిగిన రోజు రెండూ అమెరికాలో ఉన్నట్టే లెక్క. మధ్యవే బయట రోజులు.

మా లెక్క ఇది. గ్రీన్‌కార్డు మీద అడుగు పెట్టింది 2017 ఆగస్టులో. 2018 నవంబరు 10న బయలుదేరి 2019 ఫిబ్రవరి 6న తిరిగొచ్చాం, 87 రోజులు. 2020 జనవరి 9న సంక్రాంతికని అమెరికా నుంచి బయలుదేరాం. ఏప్రిల్లో తిరుగు టికెట్టు. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. బయటపడి డల్లాస్‌లో దిగేసరికి సెప్టెంబరు 12. 246 రోజులు. ఆ తర్వాత 2021 నవంబరు 20 నుంచి 2022 ఫిబ్రవరి 14 దాకా, 85 రోజులు. మొత్తం 418.

ఈ లెక్కని అక్కడి ఇమ్మిగ్రేషను ఆఫీసు వాళ్ళు రెండు రకాలుగా చూస్తారు. మనవాళ్ళు తప్పటడుగు వేసేది ఇక్కడే. మొదటిది, దరఖాస్తుకు ముందు ఐదేళ్ళలో కనీసం ముప్పై నెలలు, అంటే 913 రోజులు, మనిషి అమెరికా నేల మీద ఉండాలి. ఐదేళ్ళకు 1826 రోజులు, అందులో 418 తీసేస్తే 1408. మాకు ఢోకా లేదు. రెండోది, ఒక్కో ప్రయాణం ఎంత పొడుగు అనేది. ఆర్నెల్లు దాటి ఏడాది లోపు బయట ఉంటే, అమెరికాలో మన నివాసం మధ్యలో తెగిపోయిందని వాళ్ళు ముందే అనుకుంటారు. తెగలేదని నిరూపించుకునే భారం మన మీద పడుతుంది. ఏడాది నిండితే ఇక వాదన లేదు, తెగినట్టే. తిరిగొచ్చిన దగ్గర్నుంచి నాలుగేళ్ళ ఒక్క రోజు ఆగాలి. రీ-ఎంట్రీ పర్మిట్ (ఎక్కువకాలం బయట ఉండి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్ళు ఉన్నారు. అది గ్రీన్‌కార్డుని కాపాడుతుంది గానీ సిటిజన్‌షిప్ లెక్కని కాపాడదు.

మొత్తం రోజులు బాగానే ఉన్నా ఆ ఒక్క 246 మా మెడకు చుట్టుకుంది. దానికోసమే లాయరు కావాల్సి వచ్చింది.

ఇంకో సంగతి. మన పెద్దవాళ్ళు ఆర్నెల్లు కొడుకు దగ్గర, ఆర్నెల్లు కూతురు దగ్గర ఉంటారు. దరఖాస్తు పెట్టేనాటికి ఆ రాష్ట్రంలో మూడు నెలలు నివాసం ఉండాలి. ఇల్లు మారితే పది రోజుల్లో వాళ్ళకి తెలియజేయాలి. డల్లాస్‌లో దరఖాస్తు పెట్టి చికాగోలో కూతురి కాన్పుకి పోయి, ఇంటర్వ్యూ ఉత్తరం డల్లాస్‌లో పడి ఉంటే ఎవరేం చెయ్యగలరు?

లాయరు ఎవరు, కానిదెవరు

మా దరఖాస్తు మొదట లాయరు దగ్గరికి పోలేదు. మా వాడి స్నేహితుల ద్వారా ఒకతను దొరికాడు, తెలుగతనే. ట్యాక్సు కాగితాలు చేస్తాడు, పక్కన ఇమ్మిగ్రేషను ఫారాలు కూడా "చూసుకుంటాడు". ఇద్దరికీ కలిపి నాలుగొందల డాలర్లు అన్నాడు. నా నోటుబుక్కు చూసి 2020 దగ్గర వేలు పెట్టి, "బాబాయ్ గారూ, ఈ ట్రిప్పు రాయకపోతే పీడా పోద్ది" అన్నాడు.

నేను మాట్లాడకుండా ఫారం చివరి పేజీలు తిప్పాను. అలవాటు. దస్తావేజు చేతికొస్తే నేను ముందు చూసేది చివరి పేజీయే, సాక్షులెవరు, దస్తూరి ఎవరిది అని. మన దస్తావేజుల కింద "దస్తూరి" అని రాసినవాడి పేరుంటుందే, ఎన్-400లో కూడా అలాంటి చోటు ఉంది. ఫారం తయారు చేసినవాడు పేరు, చిరునామా రాసి సంతకం పెట్టాలి. "ఇక్కడ నీ పేరు రాస్తావా నాయనా?" అన్నాను. "అబ్బే, అది ఖాళీగా వదిలేద్దాం, మీరే నింపుకున్నట్టు ఉంటది" అన్నాడు. దస్తూరి పెట్టడానికి భయపడేవాడి రాత నాకెందుకు? కాఫీ తాగించి పంపించేశాను.

తర్వాత తెలిసిందేమిటంటే, నేను కావలిలో చేసిన పనే అక్కడ చేస్తే తప్పవుతుంది. మీరు చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టడం, తర్జుమా చెయ్యడం ఎవరైనా చెయ్యొచ్చు. "ఇది రాయి, అది రాయొద్దు, ఈ ఫారం కాదు ఆ ఫారం పెట్టు" అని సలహా ఇచ్చే హక్కు ఇద్దరికే ఉంది. ఒకరు ఏదో ఒక రాష్ట్రంలో లైసెన్సు ఉన్న అటార్నీ. రెండోవారు అక్కడి న్యాయశాఖ గుర్తింపు పొందిన సంస్థలో పనిచేసే అక్రెడిటెడ్ రిప్రజెంటేటివ్. అమెరికాలో నోటరీ అంటే సంతకం నిజమని ముద్ర వేసేవాడు, అంతే. మన ఊళ్ళో నోటరీ చాలావరకు లాయరే కాబట్టి, ఆ పేరు వినగానే మనవాళ్ళు నమ్మేస్తారు. ట్యాక్సు చేసేవాడు, ట్రావెల్ ఏజెంటు, గుడిలో పరిచయమైన పెద్దమనిషి, వీళ్ళెవరూ లాయర్లు కారు.

ఇక ప్రయాణం దాచిపెట్టడం గురించి. మనం ఎప్పుడు దిగామో ఆఫీసరు ముందున్న కంప్యూటర్లో ఉంటుంది. అయినా దాచి, ప్రమాణం చేసి మరీ అబద్ధమాడితే, దరఖాస్తు కొట్టేస్తారు. సిటిజన్‌షిప్ వచ్చాక బయటపడినా వెనక్కి లాక్కునే అధికారం వాళ్ళకుంది. ఎనిమిది నెలల ప్రయాణానికి సమాధానం ఉంది. అబద్ధానికి లేదు.

లాయరు లైసెన్సు చూడటం తేలికే. ఏ రాష్ట్రంలో లైసెన్సో అడిగి, ఆ రాష్ట్ర బార్, అంటే లాయర్ల సంఘం, వెబ్‌సైటులో పేరు కొట్టాలి. టెక్సస్‌లోనైతే ఆ లాయరు మీద శిక్షలేమైనా పడ్డాయా అన్నది కూడా కనబడుతుంది. ఇమ్మిగ్రేషను కేంద్ర చట్టం కాబట్టి వేరే రాష్ట్రం లైసెన్సున్నా పర్వాలేదు. తెలుగు లాయరే కావాలని పట్టుబట్టొద్దు. మాకు దొరికినామెకి తెలుగు ఒక్క ముక్క రాదు, కానీ పని తెలుసు.

డబ్బు లేనివాళ్ళకి దారి ఉంది. న్యాయశాఖ గుర్తింపు ఉన్న సంస్థల జాబితాను ఆ శాఖే వెబ్‌సైటులో రాష్ట్రాల వారీగా పెడుతుంది. కాథలిక్ చారిటీస్ లాంటి సంస్థలు చాలా నగరాల్లో తక్కువ ఫీజుకి ఈ పని చేస్తాయి. మతంతో పని లేదు, మా పక్కింటావిడ బొట్టుతోనే పోయి చేయించుకుంది. లా కాలేజీల క్లినిక్కులున్నాయి. శనివారాలు ఏదో ఒక హాల్లో సిటిజన్‌షిప్ క్యాంపులు పెడతారు, కంటి ఆపరేషన్ల క్యాంపులాగే, పొద్దున్నే క్యూ. అక్కడ ఫారం నింపి, పైన లాయరు ఒకసారి సరిచూస్తాడు.

ప్రభుత్వ ఫీజు వేరు. మేం 2022లో మనిషికి 725 కట్టాం. 2024 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్లో పెడితే 710, కాగితం మీదైతే 760 డాలర్లు. ఆదాయం తక్కువున్నవాళ్ళకి 380 అవుతుంది, మరీ తక్కువైతే మాఫీ కూడా అడగొచ్చు.

అందరికీ లాయరు అక్కర్లేదు. పొడుగు ప్రయాణాలు లేవు, పోలీసు గొడవ లేదు, పన్నులు సక్రమంగా కట్టారు అంటే, కొడుకో కూతురో పక్కన కూర్చుంటే మీరే పెట్టుకోవచ్చు. ఎవరు తప్పకుండా చూపించుకోవాలంటే, ఆర్నెల్లు దాటి బయట ఉన్నవాళ్ళు, ఎప్పుడైనా అరెస్టయినవాళ్ళు (కేసు కొట్టేసినా సరే), పన్ను కాగితాల్లో నాన్-రెసిడెంట్ అని రాసుకున్నవాళ్ళు, గ్రీన్‌కార్డు అప్పుడు ఏదైనా తప్పు చెప్పినవాళ్ళు, పొరపాటున ఓటరుగా పేరెక్కినవాళ్ళు.

ఆ మొదటి గంట

మా లాయరమ్మ గంటకి 250 డాలర్లు అంది. నా నోటుబుక్కు జిరాక్సు ముందే పంపించాను కాబట్టి పది నిమిషాల్లో అసలు విషయంలోకి వచ్చింది.

వచ్చీ రాగానే మా అబ్బాయిని బయట కూర్చోమంది. వాడు నొచ్చుకున్నాడు. నాకూ వింతగానే ఉంది, ఇంగ్లీషు వచ్చినవాణ్ణి పంపించేసి ఫోన్లో తెలుగు చెప్పే దుబాసీని పెట్టుకుంది. "ఇక్కడ మీరు చెప్పేది నేను ఎవరికీ చెప్పకూడదు, మీ అబ్బాయికి కూడా" అని, ఫారంలోని ప్రశ్నలు ఒక్కోటీ అడిగింది. ఓటు ప్రశ్న దగ్గర మా ఆవిడ చీర కొంగు చుట్టుకోవడం మొదలుపెట్టింది. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను, కొంగు చుట్టిందంటే లోపల ఏదో ఉంది.

"ఐడీ కార్డు తీసుకునే కాడ కౌంటర్లో పిల్ల ఏందో ఓటని అడిగింది. అర్థం కాక తలూపినా. అప్పట్నుంచీ భయంగానే ఉండాది" అంది. మూడేళ్ళు ఆ మాట నాకు కూడా చెప్పలేదు. పిల్లవాడికి తెలిస్తే తిడతాడని.

సిటిజన్ కాకుండా ఓటరుగా నమోదైతే అది చిన్న విషయం కాదు. దేశం నుంచి పంపించేసే దాకా పోవచ్చు. లాయరమ్మ కంగారు పడలేదు. కౌంటీ ఎన్నికల ఆఫీసు నుంచి పేరు లేదని కాగితం తెప్పించింది, ఐడీ దరఖాస్తు నకలు కూడా తెప్పించింది. ఓటరుగా నమోదు గడిలో "వద్దు" అనే టిక్కు ఉంది. ఆ పిల్ల తలూపుడుని ఎట్లా అర్థం చేసుకుందో గానీ మా పుణ్యం. మన తలూపుడు వాళ్ళకి అర్థం కాకపోవడం కూడా ఒక్కోసారి మేలే.

అందుకే చెబుతున్నా, తల్లిదండ్రుల్ని లాయరు దగ్గరికి తీసుకుపోయే పిల్లలు కాసేపు బయట కూర్చోండి. పెద్దవాళ్ళు మీ ముందు చెప్పనివి ఉంటాయి.

246 రోజుల సంగతికి ఆమె రెండు దారులు చెప్పింది. ఒకటి, 2025 మార్చి దాకా ఆగడం. అప్పటికి దరఖాస్తు ముందు ఐదేళ్ళ లెక్కలోంచి ఆ ప్రయాణం చాలావరకు జారిపోయి, మిగిలింది ఆర్నెల్లలోపే ఉంటుంది. రెండోది, ఇప్పుడే పెట్టి కాగితాలు చూపించడం. ఏమేం కాగితాలంటే, ఏప్రిల్ తిరుగు టికెట్టు, అది రద్దయినట్టు విమానం కంపెనీ ఈమెయిలు, మా అబ్బాయి ఇంటి అద్దె ఒప్పందంలో మా పేర్లు, అక్కడి బ్యాంకు ఖాతా, ఆ ఏడు కట్టిన పన్ను రిటర్ను, నేను ఇక్కడ ఏ ఉద్యోగంలోనూ చేరలేదన్న మాట. మేం రెండోదే అన్నాం. నాకప్పుడు అరవై ఏడు, ఆగే వయసా?

పన్ను దగ్గర ఒక చీవాటు కూడా తిన్నాను. అక్కడ నివాసం ఉన్నవాడు ప్రపంచంలో ఎక్కడొచ్చిన ఆదాయమైనా చూపించాలి. బిట్రగుంట దగ్గర రెండెకరాల మాగాణి కౌలు, ఇక్కడి ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ నేను చూపించలేదు. ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా పదివేల డాలర్లు దాటితే దానికి వేరే రిపోర్టు ఉంటుందని కూడా అప్పుడే తెలిసింది. దరఖాస్తుకు ముందే రిటర్నులు సవరించి, బాకీ కట్టి, రసీదులు ఫైల్లో పెట్టాం.

ఒప్పందం లిఖితంగా తీసుకోండి. మొత్తం ఎంత, అందులో ఇంటర్వ్యూకి లాయరు వస్తారా, మళ్ళీ కాగితాలు అడిగితే జవాబు రాయడం అందులో కలిసే ఉందా, ఇవి రాసి ఉండాలి. లాయరు మీ తరఫున నిలబడాలంటే జి-28 అనే ఫారం పెట్టాలి, మన వకాల్తానామాలాంటిది. అది పెట్టనివాడు మీ లాయరు కాదు. ఖాళీ ఫారం మీద సంతకం చెయ్యొద్దు. ఖాళీ స్టాంపు కాగితం మీద వేలిముద్ర వేసి పొలాలు పోగొట్టుకున్నవాళ్ళని నా బల్ల ముందే చూశాను. అసలు కాగితాలు ఇవ్వకండి, నకళ్ళు చాలు. తెలుగు కాగితాలకి ఇంగ్లీషు తర్జుమా చేసినవాళ్ళు "పూర్తిగా, సరిగ్గా చేశాను, నాకు రెండు భాషలూ వచ్చు" అని రాసి సంతకం పెడితే సరిపోతుంది.

పేర్ల గోల మన తెలుగువాళ్ళకి ప్రత్యేకం. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, గ్రీన్‌కార్డులో వెనక, పాత సర్టిఫికెట్లలో ఒట్టి పొడి అక్షరం. వాడిన పేర్లన్నీ "ఇతర పేర్లు" గళ్ళో రాసెయ్యండి. పేరు ఒక దారికి తెచ్చుకోవాలంటే ఎన్-400లోనే మార్పు అడగొచ్చు, అప్పుడు సిటిజన్ అయ్యేటప్పుడు చేసే ప్రమాణం కోర్టు ద్వారా జరుగుతుంది.

ఏడో క్లాసు, వాషింగ్టన్

మా ఆవిడ ఏడో క్లాసు. ఇంగ్లీషు పరీక్ష అనగానే అన్నం మానేసింది. ఎవరో బంధువు "మతిమరుపని నెల్లూరు డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకోండి, పరీక్ష ఉండదు" అన్నాడు. లాయరమ్మ నవ్వింది. ఆ మినహాయింపుకి ఎన్-648 అనే ఫారం ఉంది, దాన్ని అమెరికాలో లైసెన్సున్న డాక్టరో సైకాలజిస్టో రాయాలి, నిజంగా జబ్బుండాలి. వయసు జబ్బు కాదు. వయసు మీద మినహాయింపు వేరు. యాభై నిండి ఇరవై ఏళ్ళ గ్రీన్‌కార్డు ఉంటే, లేదా యాభై ఐదు నిండి పదిహేనేళ్ళుంటే ఇంగ్లీషు అక్కర్లేదు, పౌరశాస్త్రం ప్రశ్నలు తెలుగులో చెప్పొచ్చు. మాకు ఐదేళ్ళే.

మూడు వాక్యాల్లో ఒకటి చదవాలి, మూడింట్లో ఒకటి రాయాలి. ఆ మాటల జాబితా ప్రభుత్వమే ఇస్తుంది. ఆవిడ పాత క్యాలెండరు కాగితాల వెనక రోజూ పొద్దున ఇడ్లీ పిండి పులిసేలోపు "వాషింగ్టన్" స్పెల్లింగు ఇరవై సార్లు రాసేది. మధ్యలో ఒక అక్షరం తప్పేది, ఎప్పుడూ అదే. చివరికి దాన్ని ముగ్గులో చుక్కల్లాగా లెక్కపెట్టి గుర్తుపెట్టుకుంది, పది అక్షరాలు, ఒకటి తగ్గితే మళ్ళీ. లైబ్రరీలో ఉచితంగా క్లాసు కూడా ఉంటే పోయింది.

మా అప్పుడు వంద ప్రశ్నలు చదువుకుంటే పది అడిగేవాళ్ళు, ఆరు చెబితే పాసు. 2025 అక్టోబరు 20 నుంచి పెట్టిన దరఖాస్తులకి 128 ప్రశ్నలు, ఇరవై అడుగుతారు, పన్నెండు రావాలి. పాత పుస్తకం ఎవరైనా ఇస్తే పక్కన పెట్టండి. తప్పితే ఇంకో అవకాశం ఇస్తారు.

2023 జూన్‌లో ఇర్వింగ్ ఆఫీసులో ఇంటర్వ్యూ. లాయరమ్మ పక్కన కూర్చుంది. ఆఫీసరు 2020 గురించి అడిగాడు, టికెట్టు రద్దయిన ఈమెయిలు చూశాడు, పన్ను కాగితం చూశాడు, తలాడించాడు. నాకు పావుగంట. మా ఆవిడకి వచ్చిన వాక్యంలో వాషింగ్టన్ ఉంది.

ప్రమాణం అయ్యాక

ప్రమాణం చేసిన రోజే భారత పౌరసత్వం పోతుంది, మన 1955 చట్టం ప్రకారం. ఆ రోజు నుంచి భారత పాస్‌పోర్టు మీద ప్రయాణం చెయ్యకూడదు, దాన్ని సరెండర్ చేసి సర్టిఫికెట్ తీసుకోవాలి. టెక్సస్ వాళ్ళకి హ్యూస్టన్ కాన్సులేటు, దరఖాస్తు వీఎఫ్‌ఎస్ అనే, కాన్సులేటు తరఫున కాగితాలు తీసుకునే కంపెనీ ద్వారా. దాని తర్వాత ఓసిఐ.

ఇక్కడ ఇండియాలో ఓటరు జాబితాలో పేరు తీయించుకోవాలి, దానికి ఫారం-7. పొలం విషయం అందరూ అడుగుతారు. ఉన్న పొలం ఉంచుకోవచ్చు, వారసత్వంగా వచ్చేది తీసుకోవచ్చు. కొత్తగా వ్యవసాయ భూమి కొనలేరు. అమ్మాలంటే ఇక్కడ ఉంటున్న భారత పౌరుడికే అమ్మాలి. ప్రమాణానికి ముందే మాగాణి కొనేద్దామన్నా కుదరదు, అమెరికాలో నివాసం ఉంటున్నవాళ్ళు భారత పౌరులైనా వ్యవసాయ భూమి కొనకూడదు.

ఓసిఐ చేతికి రాకుండా టికెట్టు కొనొద్దు. మేం దసరాకి కావలిలో ఉండాలని ఆగస్టులోనే కొన్నాం. కార్డులు దీపావళి పోయాక వచ్చాయి. తేదీ మార్చినందుకు ఇద్దరికీ కలిపి పోయిన డబ్బు, ఆ ట్యాక్సు కుర్రాడు అడిగిన నాలుగొందల కంటే ఎక్కువే.